ఎనిమిది లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ: ఏ పని ముందు, ఏ పని తర్వాత?

ప్రశ్న: మాది పిడుగురాళ్ల దగ్గర ఒక ఊరు. నిరుడు 2015 మోడల్ పది టైర్ల లారీని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అది బీఎస్-3 (పాత కాలుష్య నిబంధనల నాటి) బండి. మీటరు 8,40,000 కిలోమీటర్లు చూపిస్తోంది. పల్నాడు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు, సున్నం లోడ్లు ఎక్కువగా విశాఖపట్నం వైపు, అప్పుడప్పుడు మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు వైపు వెళ్తుంటాయి. బండి నడిపేది నేను కాదు, డ్రైవరు. ఒక మెకానిక్ ఇంజిన్ దించి బోరు చేయించమంటున్నాడు, అంటే అరిగిన సిలిండర్లను విప్పి బాగు చేయించమని. మరొకాయన చిక్కటి ఆయిల్ పోస్తే ఇంకో రెండు లక్షలు తిరుగుతుంది, నడుస్తున్న ఇంజిన్‌ను కదపవద్దు అంటున్నాడు. కంపెనీ పుస్తకంలోని సర్వీసు లెక్కలు కొత్త బండికి రాసినవి కదా, ఇంత తిరిగిన బండికి ఏ పని ఎప్పుడు చేయించాలి?

సమాధానం: మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ చెరో వైపు లాగుతున్నట్లు కనిపిస్తున్నా, ఇద్దరూ ఒకే పని వదిలేశారు. ఒకరైనా ఇంజిన్‌ను కొలిచి చూసినట్లు మీ ఉత్తరంలో లేదు. మీటరులోని అంకె జబ్బు కాదు, వయసు మాత్రమే. 2015 బండికి ఎనిమిది లక్షల పైచిలుకు అంటే నెలకు సుమారు 7,000 కిలోమీటర్లు, అది లోడు బండికి మామూలు తిరుగుడే కాబట్టి మీటరును అనుమానించవలసిన పని లేదు. అయితే సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి గడిపిన గంటలు ఆ మీటరులో ఎక్కవు. అందువల్ల ఒకే అంకె చూపించే రెండు బండ్లలో ఒకదాని ఇంజిన్ గట్టిగా ఉండవచ్చు, రెండోది అలసిపోయి ఉండవచ్చు. ఇంత తిరిగిన బండికి సర్వీసును కిలోమీటర్ల పట్టికతో పాటు బండి స్థితిని చూసి నిర్ణయించాలి. ఆ స్థితి తెలియాలంటే ముందు మీ బండికి ఏది మామూలో మీకు తెలియాలి.

అందుకు అన్నిటికంటే చవకైన సాధనం క్యాబిన్‌లో ఉంచే ఒక నోటు పుస్తకం. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎంత ఇంజిన్ ఆయిల్ కలిపారు, రేడియేటరులో ఎంత నీరు పోశారు, ఎంత డీజిల్ పట్టారు, లోడుతో ఎక్కుడు మీద టెంపరేచర్ ముల్లు ఎక్కడిదాకా వెళ్లింది, ఇంజిన్ వేడెక్కిన తరువాత ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంత ఉంది, ఉదయం స్టార్ట్ చేశాక బ్రేకుల ట్యాంకుల్లో గాలి నిండడానికి ఎంతసేపు పట్టింది అనే ఈ ఆరు సంగతులను డ్రైవరు చేత ప్రతి ట్రిప్పుకు రాయించండి. పాత ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది, దానికి బెంగ పడనక్కరలేదు. నెలల తరబడి ఒకే లెక్కన తాగుతున్న ఇంజిన్ కంటే, నిన్నటిదాకా తక్కువ తాగి ఈ నెల హఠాత్తుగా రెట్టింపు తాగిన ఇంజినే ఎక్కువ ఆలోచించవలసినది. ఏ పుస్తకమూ లేకుండా జ్ఞాపకం మీద నడిపితే ఈ తేడా ఎవరికీ కనిపించదు.

బండి మీ చేతికి వచ్చి ఏడాదే అయింది కాబట్టి, అమ్మిన ఆయన చెప్పిన సర్వీసు చరిత్రను పక్కన పెట్టి, ఒక్కసారి అన్నీ మార్చి అక్కడి నుంచి లెక్క మొదలు పెట్టడం మేలు. ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, క్రౌన్ (వెనుక చక్రాలకు శక్తిని మళ్లించే గేర్లు) ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, కూలెంట్, డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు గాలిలోని తేమను పీల్చే ఎయిర్ డ్రైయర్ కాట్రిడ్జ్, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు ఇందులోకి వస్తాయి. ఖర్చు కనిపిస్తుంది, కాదనను. కానీ కొద్దిపాటి ధర పలికే గొట్టం నడిరోడ్డు మీద పగిలితే దానికి తోడు ఒక రోజు కిరాయి, టోయింగ్ ఖర్చు, ఒక్కోసారి ఇంజిన్ పైభాగమైన హెడ్డు కూడా పోతాయి. పాత ఆయిళ్లను దించేటప్పుడు వాటిని శుభ్రమైన పళ్లెంలో పట్టించి చూడండి. గేర్‌బాక్స్, క్రౌన్ డ్రెయిన్ ప్లగ్గుల అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి అంటితే అది వయసుకు తగిన అరుగుదల, చేతికి గుచ్చుకునే ముక్కలు అంటితే మాత్రం లోపల పళ్లో బేరింగో విరుగుతున్నాయని అర్థం.

ఇక వరుస సంగతి. మీ ఉత్తరం అంతా ఇంజిన్ చుట్టూ తిరిగింది, బ్రేకుల గురించి ఒక్క మాట లేదు. ఘాట్ దిగే బండికి నా లెక్కలో మొదటి పని బ్రేకులదే. ఇంజిన్ చెడితే బండి ఆగుతుంది, బ్రేకు చెడితే ఆగదు. ప్రతి ఉదయం గాలి ట్యాంకుల కింది డ్రెయిన్ వాల్వులు తెరిచి చూడాలి. అందులోంచి నీరు వస్తూ ఉంటే ఎయిర్ డ్రైయర్ కాట్రిడ్జ్ పని అయిపోయిందని, నీటితో పాటు నూనె జిడ్డు వస్తే కంప్రెసర్ రింగులు అరిగి ఆయిల్‌ను గాలి లైనులోకి పంపుతోందని తెలుసుకోవాలి. ఆ జిడ్డు వాల్వులలోని రబ్బరును ఉబ్బిస్తుంది, అందుకే ఒక వాల్వు మార్చిన నెలకే మరో వాల్వు పోతుంటుంది. తరువాత బండిని చదును నేల మీద నిలిపి, చక్రాలకు చెక్కలు పెట్టి, గాలి పూర్తిగా నింపి, ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్‌ను నొక్కి పట్టి ఒక నిమిషం గేజీ చూడండి. ముల్లు నిమిషానికి 0.2 బార్ కంటే ఎక్కువ పడితే ఎక్కడో లీకు ఉంది. సబ్బు నీళ్లతో జాయింట్లన్నీ తడిపి దాన్ని పట్టుకోవచ్చు.

చక్రం వైపు చూస్తే డ్రమ్మును పట్టి ఆపే లైనింగ్ మందం, డ్రమ్ము పగుళ్లు, లైనింగు అరిగే కొద్దీ ఎడాన్ని సర్దే స్లాక్ అడ్జస్టర్ కదలిక, లైనింగులను డ్రమ్ము మీదికి నెట్టే కామ్ షాఫ్టు బుష్షులు అనే నాలుగింటిని కలిపి చూడాలి. చాలా షెడ్లలో లైనింగ్ మార్చి ఊరుకుంటారు. కామ్ షాఫ్టు బుష్షు అరిగి ఊగుతుంటే కొత్త లైనింగు కూడా డ్రమ్మును ఒక పక్కనే పట్టుకుంటుంది, అందువల్ల బ్రేకు ఒక వైపు లాగుతుంది. మీ బండికి ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు ఉంటే వాటిని డ్రైవరు వారానికొకసారి చేత్తో బిగించే అలవాటు మాన్పించండి. అవి తమంతట తామే సర్దుకోవలసినవి. మాటిమాటికి బిగించవలసి వస్తోందంటే అడ్జస్టరు చెడిందని గానీ, దాని వెనుక బుష్షు, పిన్ను అరిగాయని గానీ అర్థం, బిగింపు ఆ లోపాన్ని నాలుగు రోజులు కప్పిపుచ్చుతుంది. డ్రమ్మును లేతు పట్టించేటప్పుడు దాని మీద పోతపోసి ఉన్న గరిష్ఠ వ్యాసాన్ని దాటనివ్వవద్దు. పార్కింగ్ బ్రేకు పని చేసే స్ప్రింగ్ చాంబరును మాత్రం రోడ్డు పక్కన ఎవరినీ విప్పనివ్వకండి. లోపల నొక్కి ఉంచిన స్ప్రింగు ఒక్కసారిగా విడివడితే ప్రాణం తీస్తుంది, దాన్ని మొత్తంగా మార్చడమే పద్ధతి.

ఏ చక్రం బ్రేకు ఎలా పని చేస్తోందో తెలుసుకోవడానికి దుకాణాలలో దొరికే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. కొంత దూరం బ్రేకులు వాడుతూ నడిపి, ఆపిన వెంటనే ప్రతి డ్రమ్ము వేడిని చూసి రాసుకోవాలి. మిగిలినవాటికంటే బాగా వేడెక్కిన చక్రంలో లైనింగు పట్టేస్తోందని లేదా హబ్ బేరింగు బిగుసుకుందని, చల్లగా ఉండిపోయిన చక్రం అసలు పనే చేయడం లేదని తెలుస్తుంది. చల్లగా ఉన్న చక్రం తన వంతు బరువును మిగతా చక్రాల మీదికి నెడుతుంది, కాబట్టి వేడి చక్రంతో సమానంగా అదీ ప్రమాదమే.

మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు ఏ గేరులో దిగుతున్నాడో, డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్ వేస్తున్నాడో కనుక్కోండి. గేరులో దిగుతున్నప్పుడు ఇంజిన్‌ను తిప్పేది చక్రాలే కాబట్టి, యాక్సిలరేటరు వదిలితే పంపు డీజిల్ పంపడం ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్ నిలబెట్టడానికి మాత్రం డీజిల్ కాలుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా లైనింగుల మీద పడుతుంది, కంప్రెసరు కూడా నెమ్మదిగా తిరిగి వాడిన గాలిని త్వరగా నింపలేదు. వాలు మొదలు కాకముందే గేరు తగ్గించి, పొగ దారిని మూసి ఇంజిన్ వేగాన్ని అదిమే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని, కాలి బ్రేకును ఎప్పుడూ కొంచెం నొక్కి ఉంచకుండా, ఒకసారి గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలే పద్ధతిని అలవాటు చేయాలి. కిందికి దిగాక కాలిన డ్రమ్ముల మీద బకెట్లతో నీళ్లు కొట్టే అలవాటు మన రోడ్ల మీద ఇంకా ఉంది. పోత ఇనుము ఆ దెబ్బకు పగుళ్లు తీస్తుంది. ఆగి చల్లారనివ్వడమే మంచిది.

బ్రేకుల తరువాత స్టీరింగు, హబ్బులు. గ్రీజు కొట్టించామని అందరూ చెబుతారు, ఎలా కొట్టారన్నది ఎవరూ అడగరు. ముందు చక్రాలు నేల మీద ఉండగా, అవి పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌కు గ్రీజు ఎక్కిస్తే, బరువు పడి బిగుసుకున్న వైపు తప్ప ఖాళీగా ఉన్న వైపుకే అది చేరుతుంది. ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, స్టీరింగును అటూ ఇటూ తిప్పుతూ పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా ఎక్కించాలి. అప్పుడే చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కింగ్‌పిన్, హబ్ బేరింగుల వదులు, పక్కల పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ల వదులు చేతికి తెలుస్తాయి. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు నాలుగు కప్పుల నుంచీ గ్రీజు బయటికి రావాలి. ఒక కప్పు నుంచి రాకపోతే ఆ కప్పు ఎండిపోయి ఉందని తెలుసుకుని క్రాసు మార్చండి.

మీ బండి సున్నం దుమ్ములో తిరుగుతుంది కాబట్టి ఇంకొక చిన్న సంగతి చెప్పాలి. వెనుక హౌసింగు మీద గాలి ఆడే ఒక చిన్న బ్రీదరు ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే, క్రౌన్ వేడెక్కినప్పుడు లోపల పెరిగిన ఒత్తిడి హబ్ సీళ్లను దాటించి ఆయిల్‌ను లైనింగుల మీదికి నెడుతుంది. సీలు మళ్లీ మళ్లీ పోతోందని, దొంగ సరుకు వేశారని షాపువాడితో తగాదా పడే ముందు ఆ బ్రీదరును డీజిల్‌తో కడిగి చూడండి. ఆయిల్ పీల్చిన లైనింగును కడిగి వాడుకోవడం కుదరదు, మార్చవలసిందే.

కమాన్లను (స్ప్రింగు పట్టీలను) యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులను లోడు ఎత్తిన తొలి ట్రిప్పుల తరువాత, ఆపైన ప్రతి సర్వీసులోనూ బిగించి చూడాలి. అవి వదులైతే కమాను కట్టల మధ్య బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక నట్లను మళ్లీ బిగించాలి. నట్టు చుట్టూ తుప్పు చార కనిపిస్తే అది వదులై కదులుతోందని గుర్తు. చాసిస్ మీద రంగు చిట్లి తుప్పు గీత పడిన చోట కూడా పగులు ఉందేమో చూడాలి. దాని మీద కనిపించిన చోటల్లా వెల్డింగు పెట్టే మనిషికి బండి అప్పగించకండి. ఏ వెల్డింగు చేయించినా ముందు బ్యాటరీ కనెక్షన్లు విప్పించండి.

టైర్ల గురించి మీకు చాలావరకు తెలిసే ఉంటుంది, రెండు మూడు మాటలే చెబుతాను. రెంటచింతల ఎండ మీకు కొత్త కాదు. ఆ ఎండలో టైరు పేలితే అందరూ గాలి ఎక్కువైందంటారు గానీ, చాలాసార్లు కారణం తక్కువ గాలి. గాలి తగ్గిన టైరు పక్క గోడలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. అందుకే టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, దారిలో వేడెక్కి పెరిగిన గాలిని వదిలేయకూడదు. వెనుక జంటలో లోపలి టైరును కర్రతో కొట్టి చూడడం గాలి కొలవడం కాదు, వాల్వుకు పొడుగు గొట్టం వేయించి గేజీతో చూడండి. జంటలోని రెండూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే పెద్దది బరువంతా మోసి ముందుగా పోతుంది. రీట్రెడ్ (పైపొర కొత్తగా వేసిన) టైర్లను వెనుక వాడుకోండి, ముందుకు వేయకండి. చట్టం అనుమతించే 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా ముందు టైర్లను అరగదీయడం కూడా ఘాట్ రోడ్డు బండికి తగదు. లాక్ రింగు ఉన్న చక్రానికి గాలి పట్టేటప్పుడు పంక్చరు కుర్రవాడు రింగుకు ఎదురుగా కూర్చోకుండా చూడడం బండి యజమాని బాధ్యత కూడా.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. మీ ఇంజినుకు ఎనిమిది లక్షల కిలోమీటర్ల కంటే పెద్ద శత్రువు మీ లోడు. సిమెంటు, సున్నం దుమ్ము ఎయిర్ ఫిల్టరును దాటి కొద్దిగా లోపలికి పోయినా పిస్టన్ రింగులను, సిలిండరు లోపలి గోడలైన లైనర్లను ఆకురాయిలా రాస్తుంది. ఫిల్టరును రోజూ తీసి గాలి కొట్టి పెట్టడం శుభ్రత అనుకుంటారు. తీసి పెట్టిన ప్రతిసారీ దాని అంచు సీలు నలుగుతుంది, ఎక్కువ ఒత్తిడితో గాలి కొడితే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఫిల్టరు మూసుకుపోయిందని చూపే రెస్ట్రిక్షన్ ఇండికేటరు ఎర్రగా మారినప్పుడు మాత్రమే బయటి ఎలిమెంటును చూడాలి. లోపలి చిన్న ఎలిమెంటును ఎన్నడూ శుభ్రం చేయకూడదు, దాన్ని మార్చడమే. ఫిల్టరు నుంచి, ఇంజిన్‌లోకి గాలిని తోసే టర్బోకు వెళ్లే గొట్టాన్ని నెలకొకసారి విప్పించి లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఫిల్టరు ఎంత కొత్తదైనా ప్రయోజనం లేదు, క్లాంపు దగ్గరో గొట్టం పగులు దగ్గరో దారి ఉన్నట్లే.

ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబులో పరీక్ష చేయించే అవకాశం ఉంది, మీ ఆయిల్ డీలరును అడిగితే దారి చెబుతారు. పాత ఇంజినుకు అది మంచి పెట్టుబడి. అందులో ఇనుము పెరిగితే లైనర్లు, రింగుల అరుగుదల, సీసం, రాగి పెరిగితే బేరింగు షెల్స్ అరుగుదల, సోడియం కనిపిస్తే కూలెంట్ లోపలికి వస్తోందన్న అనుమానం, సిలికాన్ పెరిగితే దుమ్ము చేరుతోందన్న సూచన. మీ విషయంలో ఒక మెలిక ఉంది. సున్నం దుమ్ములో ప్రధానంగా ఉండేది కాల్షియం, ఇంజిన్ ఆయిల్‌లో మురికిని కడిగే రసాయనంలో కూడా సాధారణంగా కాల్షియమే ఉంటుంది. అందువల్ల రిపోర్టులో సున్నం దుమ్ము విడిగా బయటపడదు. కాబట్టి రిపోర్టు బాగుందని ఆ గొట్టం తుడిచే పని మానవద్దు.

చిక్కటి ఆయిల్ సలహా గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, పోయించకండి. చిక్కటి ఆయిల్ పోస్తే గేజీలో ప్రెషర్ పెరిగి, చప్పుడు తగ్గినట్లు అనిపిస్తుంది. అది అరిగిన బేరింగును బాగు చేయదు. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు టర్బో షాఫ్టుకు, రాకర్లకు ఆయిల్ చేరడం ఆలస్యమై మిగిలి ఉన్నది కూడా అరుగుతుంది. మీ బండి పుస్తకం చెప్పిన గ్రేడునే, సాధారణంగా 15డబ్ల్యూ-40 చిక్కదనం, సీఐ-4 ప్లస్ నాణ్యత స్థాయి ఉన్న ఆయిల్‌ను వాడి, మార్చే గడువును కుదించండి. పుస్తకం 20,000 కిలోమీటర్లు అంటే మీరు 15,000కే మార్చండి, గేటు దగ్గర ఐడిల్ గంటలు ఆ తేడాను తినేస్తాయి. ఇంజిన్ ఫ్లష్ అని అమ్మే రసాయనాలను ఇంత పాత ఇంజినులో పోయకపోవడం మంచిది. గట్టిపడిన మురికి ఒక్కసారిగా ఊడి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోని జాలీని మూసేస్తే ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తుంది.

నీటి సంగతి ఆయిల్ కంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురవుతుంది. పల్నాడు బోరు నీళ్లలో ఎంత సున్నం ఉంటుందో మీ ఇంటి బిందెలు చూస్తే తెలుస్తుంది, అదే పొర రేడియేటరు గొట్టాలలోనూ పేరుకుంటుంది. తుప్పును ఆపే రసాయనాలు కలిసిన రెడీమిక్స్ కూలెంటునే వాడి, రెండేళ్లకొకసారి మార్చండి, తగ్గితే అదే రకాన్ని కలపండి. లైనరు బయటి గోడను నీరు నేరుగా తాకే ఇంజిన్లలో ఇంకొక నష్టం ఉంది. పిస్టను కొట్టిన ప్రతి దెబ్బకు లైనరు సన్నగా కంపిస్తుంది, ఆ కంపనానికి నీటిలో బుడగలు పుట్టి గోడ మీదనే పేలుతుంటాయి. లక్షల సార్లు జరిగాక లైనరుకు బయటి నుంచి సూది బెజ్జాలు పడి నీరు సంపులోకి దిగుతుంది. కూలెంటులోని రసాయనాలు ఆ గోడ మీద ఒక రక్షణ పొర ఏర్పరుస్తాయి, వట్టి నీళ్లకు ఆ శక్తి లేదు.

వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని, తగిన వేడి వచ్చేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాటును తీసి పారేసే పద్ధతి మన షెడ్లలో బాగా ఉంది. మీ బండికి అది ఉందో లేదో ఇవాళే అడిగి తెలుసుకోండి. థర్మోస్టాటు లేని ఇంజిన్ లోడు లేనప్పుడు సరైన వేడికి చేరదు, డీజిల్ పూర్తిగా కాలక ఆయిల్‌లో కలుస్తుంది, అరుగుదల పెరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు ఇంకెక్కడో ఉంటుంది. రేడియేటరు రెక్కల మధ్య సిమెంటు ధూళి గట్టిపడి ఉండవచ్చు, బెల్టు జారుతుండవచ్చు, లేదా రేడియేటరు మూత స్ప్రింగు బలం తగ్గి నీరు తక్కువ వేడికే మరుగుతుండవచ్చు. మూత ధర చూస్తే నవ్వు వస్తుంది, కానీ వాటర్ పంపు మార్చాక కూడా తీరని సమస్యలు ఆ మూతతో తీరడం ఉంది.

డీజిల్ వైపు పని తక్కువ. వాటర్ సెపరేటరును రోజూ వదలాలి, ఫిల్టర్లను గడువుకు మార్చాలి. 2015 నాటి బండ్లలో కొన్నింటికి లైన్ పంపు, కొన్నింటికి కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకు ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే ఏర్పాటు) ఉన్నాయి. మీది కామన్ రైల్ అయితే ఇంజెక్టర్లు వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడి మీద పని చేస్తాయి కాబట్టి చవక ఫిల్టరు జోలికి పోవద్దు, ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల లీకును చేత్తో తడమవద్దు. బీఎస్-3 బండి కాబట్టి పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం గొడవ మీకు లేదు. వైరింగు విషయంలో, చాసిస్‌కు రాసుకుని పొర ఊడిన కేబుళ్లను గొట్టంలో వేయించండి. లారీలు కాలిపోవడానికి అదొక ముఖ్య కారణం. బ్యాటరీలు రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి, పాతదానికి కొత్తది జత చేస్తే కొత్తది కూడా త్వరగా పోతుంది.

ఇంజిన్ దించాలా వద్దా అన్న మీ అసలు ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. ఇంజిన్ వేడిగా ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ పోసే మూతను విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీద ఉంచండి. కొంచెం వణికితే మామూలే, ఎగిరి పడితే రింగులను దాటి గాలి కిందికి వస్తోందని అనుమానించాలి. తరువాత కంప్రెషన్ పరీక్ష చేయించి ప్రతి సిలిండరు అంకెను రాసుకోండి. అన్నీ దగ్గర దగ్గరగా ఉంటే ఒక సిలిండరు కోసం ఇంజిన్ విప్పవలసిన పని లేదు. నీలిపొగ కనిపించినంత మాత్రాన బోరు చేయించకండి. టర్బో సీలు కారినా అదే పొగ వస్తుంది, కాబట్టి ముందు టర్బో గొట్టం విప్పి ఆయిల్ ఉందేమో, షాఫ్టు ఊగుతోందేమో చూడాలి. నల్లపొగకు నాజిళ్లు, ఎయిర్ ఫిల్టరు, ట్యాపెట్ సెట్టింగు ముందు చూడాలి. రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ అనుమానం, అది బోరు పని కాదు. వేడి ఇంజినులో ఆయిల్ ప్రెషర్ మాత్రమే తగ్గుతూ వస్తుంటే, ఇంజిన్‌ను దించకుండా సంపు విప్పి బేరింగు షెల్స్, ఆయిల్ పంపు మార్చుకునే వీలు చాలా ఇంజిన్లలో ఉంది. ఆ పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, ఖర్చు బోరు కంటే చాలా తక్కువ.

ఆయిల్ వాడకం వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాటి, కంప్రెషన్ తగ్గి, మూత ఎగిరి పడుతూ, టర్బో బాగానే ఉన్నప్పుడు మాత్రమే ఇంజిన్ దించడానికి ఒప్పుకోండి. అప్పుడు సగం పని చేయించవద్దు. రింగులు మాత్రమే మార్చి పాత లైనర్లలో వేస్తే కొద్ది నెలలకే మళ్లీ షెడ్డుకు వస్తారు. క్రాంకు షాఫ్టును కొలిపించి, హెడ్డును పరీక్షించి, విప్పిన భాగాల కొలతలను బిల్లు మీద రాయించుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పనులన్నింటికీ విడివిడి షెడ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, ఒకే మెకానిక్ మాట మీద ఆధారపడకుండా కొలత ఒకచోట, పని ఒకచోట చేయించుకోవచ్చు.

బండి నడిపేది మీరు కాదు కాబట్టి, ఇవన్నీ డ్రైవరు సహకారం మీదనే ఆధారపడతాయి. ఆగాక వెంటనే ఇంజిన్ కట్టేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టర్బోను చల్లారనివ్వడం, నోటు పుస్తకం రాయడం, చప్పుడు తేడా వస్తే చెప్పడం అతని చేతిలో ఉన్న పనులు. తేడా చెప్పిన ప్రతిసారీ ‘నువ్వే పాడు చేశావు’ అని కేకలేస్తే అతను చెప్పడం మానేస్తాడు. మరమ్మతు పనులు జరిగే రోజుల్లో కూడా భత్యం ఇస్తే, లోపాన్ని దాచి ట్రిప్పు లాగించే అవసరం అతనికి ఉండదు.

డబ్బు విషయంలో, టైర్లు కాకుండా కిలోమీటరుకు ఇంత అని విడిగా తీసిపెట్టండి. ఉదాహరణకు రెండు రూపాయలు పెడితే నెలకు 7,000 కిలోమీటర్ల లెక్కన 14,000 రూపాయలు చేరతాయి. ఆరు నెలల బిల్లులు చూశాక ఆ రెండును పెంచాలో తగ్గించాలో మీకే తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనం కాబట్టి మీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏటా తీసుకోవలసినదే. దాని గడువుకు నెల ముందు బ్రేకులు, స్టీరింగు, లైట్లు, చాసిస్ పనులను పెట్టుకుంటే ఒకే ఆగుడులో రెండు పనులూ అవుతాయి. పెద్ద పనులను, పరీక్షల్లో అవసరమని తేలితే ఇంజిన్ దించడాన్ని కూడా, వానాకాలానికి ఉంచుకోండి. అప్పుడు కట్టడాలు మందగించి సిమెంటు లోడ్లు ఎలాగూ తగ్గుతాయి, షెడ్డులో బండి పది రోజులు ఆగినా కిరాయి నష్టం వేసవిలో ఆగినంత ఉండదు. ఈలోగా బ్రేకుల పని, థర్మోస్టాటు విచారణ మాత్రం వచ్చే ఘాట్ ట్రిప్పుకు ముందే పూర్తి చేయించండి.